కౌలు రైతు వేసిన ఎరువు ఎవరిది?

(సంఘం మండల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కౌలు సమస్య మీద మాట్లాడమని సంఘం మాకు చెప్పింది. కౌలు బస్తాలు పెరిగిపోయాయి, బ్యాంకు గడప తొక్కితే పాస్‌పుస్తకం ఏదంటారు, పంట మునిగితే పరిహారం పొలం ఉన్నవాళ్ల ఖాతాలో పడుతుంది. ఇవి ప్రతి సభలోనూ చెప్పుకుంటున్నవే, రేపు కూడా చెప్పుకోవలసినవే. మేం ఇవాళ ఇంకో మాట ఎత్తుకుంటాం. 200 ఏళ్ల కిందట పుట్టిన ఒక ఇంగ్లండు భూస్వామి కథ చెబుతాం. భూస్వాముల గొప్పలు వినడానికా పనులు మానుకుని వచ్చింది అని ముందు వరసలో పెద్దాయన అప్పుడే మొహం చిట్లిస్తున్నారు. కాస్త ఓపిక పట్టు బాబాయ్, నీకు పనికొచ్చే ముక్క అందులో ఉంది.

ముందు మా సంగతి. కొన్నేళ్ల కిందట మా కుటుంబం పక్క ఊళ్లో రెండున్నర ఎకరాలు కౌలుకు చేసింది. నేల రాయిలా బిగిసిపోయి ఉండేది. మొదటి ఏడాది జీలుగ చల్లి కలియదున్నాం. రెండో వేసవిలో చెరువు పూడిక మట్టి ట్రాక్టర్లతో తోలించాం. మూడో వేసవిలో గొర్రెల మంద కట్టించాం. మంద ఊరికే కట్టరు కదా, రాత్రికి ఇంతని డబ్బిచ్చి, కాపరులకు భోజనాలు పెట్టాం. ఆ ఏడు చేను చూసి దారినపోయే వాళ్లు ఆగేవాళ్లు. బాగా పండించడమే మా తప్పయింది. కళ్లం కాకముందే భూమి ఆసామి వచ్చి, నేల బాగా తేరుకుంది కాబట్టి నాలుగు బస్తాలు పెంచమన్నాడు. మా వల్ల కాదన్నాం. వేరేవాళ్లు ఒప్పుకున్నారు. మేం వేసిన మట్టి, మేం కట్టించిన మంద ఇంకొకరికి నాలుగు బస్తాల బరువైంది. కనీసం మట్టి తోలిన ఖర్చులో సగమైనా ఇప్పించమని పెద్దమనుషుల్లో అడిగాం. ఆసామి ఒక్క మాటన్నాడు: "ఎరువు వేశారు, పంట తిన్నారు, అక్కడికి లెక్క చెల్లు."

దానికి మా దగ్గర జవాబు లేకపోయింది. పెద్దమనుషులూ నోరు మూసుకున్నారు. ఆ మాట తప్పని మాకు తెలుసు. ఎలా తప్పో చెప్పడం తెలియదు. జవాబు ఆ ఇంగ్లండు భూస్వామి లెక్కల్లో దొరికింది.

ఆయన పేరు జాన్ బెనెట్ లాజ్. లండన్‌కు ఉత్తరాన హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో హార్పెండెన్ అని ఒక ఊరు. ఆ ఊరి పక్కన రోథామ్‌స్టెడ్ అనే ఎస్టేటు. 1623 నుంచీ వాళ్ల వంశం చేతిలో ఉంది. ఆయన 1814లో పుట్టాడు, ఎనిమిదేళ్లు నిండేలోపే తండ్రి పోయాడు. దొరబిడ్డలు చదివే ఈటన్ బడి, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్. పట్టా తీసుకోకుండానే ఇంటికొచ్చేశాడు. 1834లో, ఇరవై ఏళ్ల వయసులో, సొంత సేద్యం కింద ఉన్న భూమి బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. అలాంటి వాళ్లు మామూలుగా వేట, గుర్రాలు, పేకాటతో గడిపేస్తారు. ఈయనకు రసాయనాల పిచ్చి పట్టింది. గసగసాల మొక్కలు, మందు మొక్కలు వేసి వాటి సారం తీసేవాడు. ఇంట్లో మంచి పడకగది ఒకటి ప్రయోగశాల చేసేశాడు. తల్లి ఎంత తిట్టుకుందో ఏమో.

సేద్యంలోకి ఆయన్ని లాగింది ఒక చిన్న అనుమానం. ఆ రోజుల్లో ఇంగ్లండులో టర్నిప్ దుంపకు ఎముకల పొడి వేసేవాళ్లు. పొరుగు భూస్వామి లార్డ్ డేకర్ ఒకసారి అన్నాడట: ఒక పొలంలో ఎముకల పొడి వేస్తే బంగారం పండుతోంది, ఇంకో పొలంలో వేస్తే పైసా ఉపయోగం లేదు, ఎందుకు? మన ఊళ్లల్లో ఇలాంటి ప్రశ్న రోజుకు పది వినబడతాయి. పక్క పొలానికి పనిచేసిన మందు మన పొలానికెందుకు పనిచేయలేదు అని టీకొట్టు దగ్గర అనుకుని, టీ తాగి లేచిపోతాం. లాజ్ దాన్ని వదల్లేదు. ఆయన నేల సున్నం కలిసిన బంకమన్ను. అందులో ఎముకల్లోని భాస్వరం కరగదు. ఎముకలను గంధకామ్లంలో, అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో నానబెట్టి వేసి చూశాడు. ముందు కుండీల్లో, తర్వాత 1840, 41ల్లో పొలంలో. పంట ఎగిసింది. 1842లో పేటెంటు తీసుకున్నాడు. మనం వేసే సూపర్ బస్తా ఉందే, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, అదే ఇది. మన దక్షిణాదిలో రాణిపేటలో 1906లో దీని ఫ్యాక్టరీ మొదలైంది, దేశంలో రసాయన ఎరువుల తయారీకి అదే మొదలని చెబుతారు.

ఆయన ఒక్కడే కనిపెట్టాడనడం సరికాదు. జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ 1840లోనే ఎముకల మీద ఆమ్లం పోయమని రాశాడు. ఐర్లాండు డాక్టరు జేమ్స్ మర్రే కూడా అదే 1842లో పేటెంటు తీసుకున్నాడు. లాజ్ దాన్ని తర్వాత కొనేశాడు. డబ్బున్నవాడి తెలివికి, డబ్బులేనివాడి తెలివికి అదీ తేడా. 1843లో లండన్ దగ్గర డెప్ట్‌ఫర్డ్‌లో, 1857లో బార్కింగ్‌లో ఫ్యాక్టరీలు పెట్టాడు. పేటెంటు కోసం కోర్టుల చుట్టూ తిరిగాడు. ఒక దొర ఎరువుల వ్యాపారం చేయడమేమిటని తోటి దొరలు నవ్వుకున్నారు, ఆయన లెక్కచేయలేదు. పెళ్లయిన కొత్తలో భార్యను షికారుకు తీసుకెళ్లే బదులు థేమ్స్ నది మీద పడవలో ఫ్యాక్టరీ స్థలాలు చూపించాడని అక్కడ కథగా చెప్పుకుంటారు.

ఇంతవరకే అయితే ఆయన ఇంకో ఎరువుల వ్యాపారి. మనం మాట్లాడుకోవలసిన అవసరం లేదు. ఆ ఎరువు డబ్బుతో ఏంచేశాడన్నది అసలు విషయం.

1843లో జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ అనే యువ రసాయన శాస్త్రవేత్తను పనిలో పెట్టుకున్నాడు. లీబిగ్ దగ్గర చదివినవాడు. చిన్నప్పుడు తుపాకి ప్రమాదంలో ఒక కన్ను పోయింది. అయినా గింజ లెక్క కూడా తప్పనిచ్చే మనిషి కాదు. వీళ్లిద్దరూ 57 ఏళ్లు కలిసి పనిచేశారు. మన దగ్గర ఒక అధికారి మండలంలో మూడేళ్లు ఉంటే గొప్ప.

ఆ ఏడాది శీతాకాలం ముందు బ్రాడ్‌బాక్ అనే పొలంలో గోధుమ చల్లి, చీలికలుగా పంచారు. ఒక చీలికకు ఏమీ వేయలేదు. ఒక చీలికకు ఏటా ఎకరాకు 14 టన్నుల పశువుల పెంట. ఇంకో చీలికకు భాస్వరం, పొటాష్ వంటి ఖనిజాలు మాత్రమే. మిగతావాటికి ఖనిజాలతోపాటు రకరకాల మోతాదుల్లో నత్రజని. మరుసటి ఏడు అదే చీలికకు అదే. ఆ మరుసటి ఏడూ అంతే. ఆ పొలంలో ఇవాళ్టికీ గోధుమ పండుతూనే ఉంది. 180 ఏళ్లు దాటింది, ఏమీ వేయని చీలికకు ఇప్పటికీ ఏమీ వేయడం లేదు.

ఏం తేలింది? ఏమీ వేయని నేల చచ్చిపోలేదు. మొదట్లో తగ్గి, ఎకరాకు మూడున్నర, నాలుగు క్వింటాళ్ల దగ్గర ఆగింది. పెంట వేసినదీ, ఖనిజాలూ నత్రజనీ కలిపి వేసినదీ ఇంచుమించు సమానంగా తొమ్మిది క్వింటాళ్ల పైన ఇచ్చాయి. ఖనిజాలు మాత్రమే వేసినది ఏమీ వేయనిదానికంటే కాస్త మెరుగు, అంతే. లీబిగ్‌కు ఇది నచ్చలేదు. నత్రజని గాలిలోంచీ వానలోంచీ మొక్కే తీసుకుంటుంది, బూడిదలో ఉండే ఖనిజాలిస్తే చాలన్నది ఆయన వాదం. అంత పెద్ద పండితుడితో వీళ్లు ఏళ్ల తరబడి తగువులాడారు. చివరికి గెలిచింది పొలం.

ఇంకో పరీక్ష చూడండి. ఆ చీలికల కింద 1849లో మురుగునీటి గొట్టాలు వేశారు. తర్వాత ఆ గొట్టాల్లోంచి వచ్చే నీళ్లు పట్టి పరీక్ష చేయించారు. వేసిన నత్రజనిలో మంచి వాటా నైట్రేటు రూపంలో ఆ నీళ్లలో కొట్టుకుపోతోంది. ఎక్కువ వేస్తే ఎక్కువ పోతోంది. పైరు పచ్చబడలేదని బస్తా మీద బస్తా యూరియా విసిరేవాళ్లు ఈ మాట ఇంటికి పట్టుకెళ్లండి. ఎరువు అమ్ముకునే మనిషే ఎరువు వృథా లెక్క బయటపెట్టాడు, అది మాకు నచ్చింది. మన దగ్గర ఎరువులమ్మే వాళ్లలో ఆ మాట చెప్పేవాళ్లను మేమింకా చూడలేదు.

ఆయన దానధర్మాల మాటకొస్తే మేం కొంచెం జాగ్రత్తగా మాట్లాడతాం. 1850లలో హార్పెండెన్ కూలీలకు చిన్న చిన్న తోట మడులు అద్దెకిచ్చాడు, కూరగాయలు పండించుకోవడానికి. 1857లో వాళ్ల కోసం ఒక క్లబ్బు గది కట్టించాడు. కూలీలే కమిటీ వేసుకుని, బీరు టోకున కొనుక్కుని, దుకాణదారు లాభం లేకుండా తాగి, తమ మడుల మధ్య కూచుని కబుర్లు చెప్పుకునేవాళ్లు. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ దాన్ని చూసొచ్చి 1859లో తన పత్రిక మొదటి సంచికలోనే మెచ్చుకుంటూ రాశాడు. తాగొద్దని నీతులు చెప్పేవాళ్ల మధ్య, పేదవాడికి తన లెక్క తాను చూసుకునే తెలివి ఉందని నమ్మడం చిన్న విషయం కాదు. అయితే మడి ఇచ్చాడు, కూలి పెంచాడని మేమెక్కడా చదవలేదు. 1872లో ఆయన ఎరువుల వ్యాపారాన్ని 3 లక్షల పౌండ్లకు అమ్ముకున్నాడు. సరిగ్గా ఆ ఏడాదే జోసెఫ్ ఆర్చ్ అనే కంచెలు కత్తిరించే కూలీ ఇంగ్లండు వ్యవసాయ కూలీల జాతీయ సంఘం పెట్టాడు. దొర దయతో తోట దొరికింది గాని, కూలి కోసం కూలీలే కూడవలసి వచ్చింది.

రైతుల గౌరవం మాత్రం ఆయనకు నిజంగానే దక్కింది. 1853లో ఆ చుట్టుపక్కల రైతులు చందాలేసుకుని ఆయనకేదైనా బహుమతి ఇద్దామనుకున్నారు. వెండి సామాను ఇస్తామంటే వద్దన్నాడు, ప్రయోగశాల కట్టించమన్నాడు. 1855లో దాన్ని తెరిచారు. 1882లో ప్రభుత్వం బారోనెట్ బిరుదిచ్చింది. 1889లో లక్ష పౌండ్లు ట్రస్టు పెట్టి, తాను పోయాక కూడా పరిశోధన ఆగకుండా చూశాడు. 1900 ఆగస్టులో పోయాడు. మరుసటి ఏడు గిల్బర్ట్ పోయాడు. 1919లో రొనాల్డ్ ఫిషర్ అనే గణితం మనిషి అక్కడికొచ్చి ఆ పాత పుస్తకాల్లోని దిగుబడులన్నీ లెక్కకట్టి, పొలంలో ప్రయోగం ఎలా చేయాలో కొత్త పద్ధతి చెప్పాడు. మన లాం ఫారంలోగాని ఇంకో పరిశోధన స్థానంలోగాని మడులు చిన్నచిన్నగా కట్టి, రకాలను కలగాపులగంగా వేసి ఉంటారే, దాని మూలం అక్కడుంది.

ఇప్పుడు అసలు ముక్క, బాబాయ్.

ఆ కాలంలో ఇంగ్లండు పొలాల్లో ఎక్కువ భాగం చేసేది కౌలు రైతులే. లింకన్‌షైర్ వంటి కొన్ని చోట్ల పొలం వదిలి వెళ్లే రైతు నేలలో వేసి, ఇంకా పంటగా తీసుకోని ఎరువుకు డబ్బు ఇప్పించే ఆచారం ఉండేది. మిగతాచోట్ల మన ఆసామి చెప్పిన మాటే: లెక్క చెల్లు. పైగా కౌలు పత్రాల్లో ఏ పైరు తర్వాత ఏది వేయాలి, గడ్డి అమ్మకూడదు అని బోలెడు షరతులు. ఎందుకంటే నేల అరిగిపోతుందట.

1870లో లాజ్ దీని మీద నోరు విప్పాడు. భూస్వామి అయ్యుండి, మామూలు సేద్యంతో నేల అంత తేలికగా అరిగిపోదు, ఆ షరతుల్లో చాలావాటికి అర్థం లేదని చెప్పాడు. బ్రాడ్‌బాక్‌లో ఏమీ వేయకుండానే ముప్ఫై ఏళ్లకు దగ్గరగా పండుతున్న చీలిక ఆయన కళ్లముందుంది. 1875లో, మళ్లీ 1885లో, నేలలో మిగిలిపోయిన ఎరువుకు విలువ కట్టడం ఎలా అని పట్టికలు వేసి ప్రకటించాడు. పశువుకు గానుగ చెక్క పెడితే అందులోని నత్రజనిలో పదో వంతు కూడా దాని ఒంట్లో నిలవదు, మిగిలిందంతా పేడలోకీ పంచితంలోకీ వస్తుంది. అందులో పెంటపోగు దగ్గర పోయేది ఇంత, మొదటి పంట తినేది ఇంత, తర్వాత ఏటికేడు తగ్గుతూ నేలలో మిగిలేది ఇంత. కాబట్టి వెళ్లిపోయే రైతుకు రావలసింది ఇంత.

పెంట ఎన్నాళ్లు నిలుస్తుందో ఆయన పొలమే సాక్ష్యం. హూస్‌ఫీల్డ్ అనే పొలంలో బార్లీ చీలిక ఒకదానికి 1852 నుంచి 1871 దాకా పెంట వేసి, ఆపేశారు. ఆయన బతికున్నన్నాళ్లూ, అంటే ఇంకో ముప్ఫై ఏళ్లపాటు, ఆ చీలిక ఏమీ వేయని పక్కదానికంటే ఎక్కువే పండింది. వందేళ్లు దాటాక కూడా ఆ నేలలో పాత పెంట జాడ పరీక్షకు దొరికింది. ఎరువు వేశారు, పంట తిన్నారు, లెక్క చెల్లు అన్నవాడికి ఇదీ జవాబు. వేసింది మూడు వేసవుల్లో, తిన్నది మూడు పంటలు. మిగిలింది నేలలోనే ఉంది, దాన్ని ఆయన నాలుగు బస్తాలకు అమ్ముకున్నాడు.

లాజ్ పూర్తిగా కౌలు రైతు పక్షం అనుకోవద్దు. నేలకు సహజంగా ఉన్న సారం భూస్వామిది, రైతు కొని వేసినదాంట్లో మిగిలింది రైతుది, రెండూ కలపొద్దన్నాడు. అమ్మోనియా ఉప్పు, నైట్రేటు లాంటివి ఒక్క పంటకే సరి, వాటికి పరిహారం అడగడం న్యాయం కాదన్నాడు. ఈ మాట మనమూ ఒప్పుకోవాలి. నిరుడు వేసిన యూరియాకు ఇవాళ డబ్బు అడిగితే మన అడుగు తేలిపోతుంది. పెంట, చెరువు మట్టి, మంద, పచ్చిరొట్ట, సూపర్ వేరు. గట్లు వేసి చదును చేసినది ఇంకా వేరు.

పట్టికలు రాసినంత మాత్రాన చట్టం రాలేదు. 1875లో ఒక చట్టం తెచ్చారు, వెళ్లే రైతుకు పరిహారం ఇవ్వాలన్నారు. కానీ కౌలు పత్రంలో ఈ చట్టం మాకు వర్తించదని రాసుకుంటే చాలు, తప్పించుకోవచ్చు. భూస్వాములు అలాగే రాయించుకున్నారు. 1879లో రైతులు ఫార్మర్స్ అలయన్స్ పేరుతో సంఘం కట్టి, ఎన్నికల్లో అభ్యర్థులను నిలదీశారు. 1883లో ఆ కిటికీ మూసేస్తూ ఇంకో చట్టం వచ్చింది. ఎలా రాసుకున్నా సరే, పరిహారం హక్కు పోదు.

మన దగ్గర 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులన్నారు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టమన్నారు, పదకొండు నెలల ఒప్పందం, దాని మీద భూమి ఆసామి సంతకం. సంతకం పెట్టమంటే పొలమే లాగేసుకుంటారని ఎంతమంది అడగకుండా ఊరుకున్నారో ఈ హాల్లో చేతులెత్తితే తెలుస్తుంది. ఈ రెండు చట్టాలూ అప్పు, బీమా, నష్టపరిహారం చుట్టూనే తిరిగాయి. నేలలో వేసిన దాని ఊసెత్తలేదు. మన సంఘమూ ఇన్నాళ్లు ఎత్తలేదు, అది మా తప్పు కూడా. పదకొండు నెలలకు పొలం పోతుందని తెలిసినవాడు మట్టి తోలతాడా, మంద కట్టిస్తాడా? యూరియా వేసి గట్టెక్కుతాడు. కౌలు చేలు ఎందుకు చవుడుబారుతున్నాయని వ్యవసాయ శాఖవాళ్లు అడుగుతుంటారు.

మండల కమిటీ ఒక పని అనుకుంది. ఈ సీజన్ నుంచి కౌలు చేసే ప్రతి కుటుంబమూ ఒక రూపాయల నోటుపుస్తకం పెట్టాలి. సర్వే నంబరు, ఎకరాలు, మట్టి ఎన్ని ట్రక్కులు, మంద ఎన్ని రాత్రులు, పెంట ఎన్ని బండ్లు, జీలుగ విత్తనం ఎన్ని కిలోలు, దేనికి ఎంత ఖర్చు, తేదీతో సహా రాయాలి. రాయడం రానివాళ్లకు బడికెళ్లే పిల్లలు రాసిపెడతారు. కొలిచిన మట్టి నమూనా కార్డు ఉంటే దాన్నీ అంటించాలి, చేరిన ఏడాదిదీ, వదిలే ఏడాదిదీ. ముందుగా మూడు ఊళ్లలో మొదలుపెడుతున్నాం. వచ్చే నెల సమావేశానికి మా పుస్తకం మేం తెస్తాం, ఆ రెండున్నర ఎకరాల పాత ఖర్చులు గుర్తున్నంతవరకు మొదటి పేజీలో రాశాం. మీ పుస్తకాలు మీరు తీసుకురండి.